పెద్ద తొట్టి గోడ, నా శ్రద్ధ అంకె

మిగిలిన రోజులు: 58

ఈ రోజు నా ఎడమ చేతికి శ్రద్ధ పట్టీ కట్టారు. పదవీ విరమణకు వంద రోజుల ముందే కట్టాలి. స్టోరులో పట్టీలు అయిపోయి నలభై రెండు రోజులు ఆలస్యమైందని ఉత్సాహ విభాగం నుంచి వచ్చినావిడ క్షమాపణ చెప్పింది. నాకేం తొందర లేదన్నాను.

ఆవిడ పేరు ఝాన్సీ. ముప్పై అయిదేళ్లుంటాయి. చివరి రోజుల్లో ఉద్యోగుల మనసు పని మీద నిలవదట. నిలబెట్టడం ఆవిడ ఉద్యోగం. పట్టీ గుండె వేగం, చేతి కదలిక, గొంతు గమనించి, మూడూ కలిపి వందకు ఒక అంకె చూపిస్తుంది. రోజు సగటు నలభైకి తగ్గితే సర్వీసుకు మూడు రోజులు కలుపుతారు.

"అంటే, పని మీద మనసు లేదని తేలితే అదే పని ఇంకో మూడు రోజులు చేయిస్తారా?" అని అడిగాను.

"అలా కాదండీ. మీకు ఇంకో అవకాశం ఇస్తున్నట్టన్నమాట."

"నేనడగలేదుగా."

"అడక్కపోయినా ఇస్తామండీ," అంది నవ్వుతూ.

వడపోత జల్లెడలు పన్నెండూ దులిపాను. ఎర్ర దుమ్ము బకెట్టున్నర వచ్చింది. బయట గాలి తగ్గలేదు. ఉత్తరపు గుంట నుంచి రావలసిన మంచు బండ్లు అయిదింట్లో మూడే వచ్చాయి. కరిగించి తొట్టిలోకి వదిలాం. ఇంటికి వచ్చి అన్నం వండుకున్నాను. ఒక్కడికి ఎంత పొయ్యాలో ఇంకా కుదరడం లేదు.

మిగిలిన రోజులు: 55

ఉత్సాహ పాఠం రోజూ ఉదయం ఎనిమిదింటికి, పంపుల గది పక్కనున్న నా ఆఫీసులో. ముందు రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాసి చూపించాలి. మొదటి పంపు నడిచింది, రెండో పంపు నడిచింది, మూడో పంపు పాతదైనా నడిచింది అని రాశాను.

"పంపులు కాకుండా, మీకు సంతోషం కలిగించేవి రాయండి," అంది ఝాన్సీ.

"మూడో పంపు నడవడం కంటే సంతోషం నాకేం లేదండీ. దాని వయసూ నా సర్వీసూ ఒకటే. ముప్పై నాలుగేళ్లు."

"ఇంట్లో ఎవరెవరుంటారండీ?"

"మీ చేతిలో కాయితం ఉందిగా. చూడండి."

చూసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి మాట్లాడింది. అందరూ అంతే. హైమ పోయి తొమ్మిది నెలలైంది. ఆసుపత్రిలో నర్సుగా చేసేది. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో పొద్దున పూట మేం పోట్లాడుకోని రోజులు తక్కువ. బిందె మీద మూత, చెప్పులు విడిచే చోటు, నా తుమ్ము, ఏదో ఒకటి దొరికేది. ఇప్పుడు నాతో ఎవరూ గట్టిగా మాట్లాడరు. క్యాంటీన్‌లో వడ్డించే మనిషి కూడా ఉప్పు సరిపోయిందా అని పరామర్శకు వచ్చినట్టు అడుగుతాడు.

మిగిలిన రోజులు: 51

తొట్టి గోడలో శబ్దం.

వారానికోసారి గోడ వింటాను. మూడడుగుల ఇనుప చువ్వ ఒక కొస రాతికి ఆనించి, చెక్క బిళ్ళ ఉన్న రెండో కొసకు చెవి పెట్టాలి. ఊపిరి బిగబట్టాలి. గోడ పొడుగునా ఇరవై గుర్తులున్నాయి. పదకొండో గుర్తు దగ్గర సన్నగా, చేటలో బియ్యం జారినట్టు వినిపించింది. రాతి వెనక నీళ్లు దారి చేసుకుంటే అలాగే ఉంటుంది. రెండు గంటలు విన్నాను.

నా తర్వాత ఈ పనికి రాబోయేవాడు యాదగిరి. నలభై రెండేళ్లు. ఇక్కడ పుట్టినవాడే అయినా వాళ్ల ఇళ్ల వరసలో ఇంకా వరంగల్ మాటే. వాణ్ణీ వినమన్నాను.

"ఉన్నది సార్. పైపుల ఇసుక పోతున్నట్టున్నది."

"చేటలో బియ్యంలా లేదూ?"

"చేటంటే ఏంది సార్?"

చెప్పే ఓపిక లేకపోయింది.

మీటర్లలో ఏమీ తేడా లేదు. మీటర్లుండేది పైపుల అతుకుల దగ్గర. కొండను తొలిచిన ఈ రాతి సంగతి వాటికి తెలియదు. మా ఊరు ఎర్రమెట్టలో ఉన్న పందొమ్మిది వందల మందీ ఈ తొట్టి నీళ్లే తాగుతారు. గోడ పగిలితే అవి నేరుగా కింది మూడో వరసలోకి దిగుతాయి. అక్కడ రెండు వందల పన్నెండు ఇళ్లున్నాయి.

మిగిలిన రోజులు: 53

తప్పు రాయలేదు. నిన్న 51, ఈ రోజు 53. నిన్నటి నా సగటు 36. మూడు రోజులు కలిపారు.

పట్టీ రాసుకున్నది చూశాను. గోడ విన్న రెండు గంటలూ నా అంకె 22. మాట లేదు, కదలిక లేదు, గుండె నెమ్మదించింది. 'ఉద్యోగి నిద్రించెను' అని రాసుకుంది.

శబ్దం గురించి నివేదిక రాసి, సంతకం కోసం ఆఫీసు పలక మీద చెయ్యి పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. చివరి వంద రోజుల్లో ఉన్నవాళ్ల నివేదిక ఇంజనీర్లకు చేరాలంటే సంతకం సమయానికి అంకె అరవై దాటాలట. నాది 33. నా నివేదిక 'విరమణ పూర్వ ఆందోళన' కింద సంక్షేమ శాఖకు పోయింది. అక్కడి నుంచి జవాబు కూడా వచ్చింది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చెయ్యమన్నారు.

చీఫ్ ఇంజనీరు సోమయాజులుకు ఫోను చేశాను. "మీ మీద నాకు గౌరవముందండీ. కానీ అంకె లేకుండా తొట్టి దించమని ఊరి సభను ఎలా అడగను?" అన్నాడు. నీటిమట్టం సగానికి దించితే ఊరంతా వారం రోజులు కొలతగా నీళ్లు వాడుకోవాలి. నిజమే. అయినా చిరాకేసింది.

యాదగిరి పేరుతో రాద్దామనుకున్నాను. సహాయకుల నివేదికకు పై అధికారి సంతకం కావాలి. ఆ పై అధికారిని నేనే.

మిగిలిన రోజులు: 57

రెండు రోజులు విన్నాను. రెండు మూళ్లు ఆరు కలిపారు. శబ్దం పన్నెండో గుర్తుకు పాకింది.

యాదగిరి లెక్క వేశాడు. "ఇట్లయితే మీరు వింటున్నన్ని దినాలు రిటైరే కారు సార్."

"వినకపోతే?"

"వినకుంటే నలుగురం మునుగుతం." వాడి ఇల్లు మూడో వరసలో.

ఈ ఉదయం చువ్వ తీసుకుని వెళ్లేసరికి సరిగ్గా పన్నెండో గుర్తు మీద బారెడు కాయితం అంటించి ఉంది. ఉదయిస్తున్న సూర్యుడు, కింద 'ఇది ముగింపు కాదు, మలుపు' అని అక్షరాలు. ఝాన్సీ జిగురు డబ్బాతో పక్కనే నిలబడి ఉంది.

"గోడంతా బోసిగా ఉందనీ..."

"బోసిగానే ఉండాలి! అది గోడ! మీ జిగురు ఎండేదాకా అక్కడ చువ్వ ఆనదు! ఊళ్లో ఇంకే గోడా దొరకలేదా మీకు?"

చాలాసేపే అరిచాను. ఆవిడ నా ముఖం చూడటం మానేసి చేతి వంక చూస్తోంది.

"అరవై నాలుగండీ! చూశారా, పాఠం పనిచేసింది!"

పలక ఆఫీసులో ఉంది. రెండు వందల మెట్లు. పరుగెత్తాను. చేరేసరికి కోపం ఆయాసంగా మారింది. పట్టీ 'వ్యాయామము' అని రాసుకుని 48 చూపించింది.

మిగిలిన రోజులు: 61

ఇంకో ఆరు.

ఝాన్సీని తొట్టి దగ్గరకు తీసుకెళ్లి చువ్వ చేతికిచ్చాను. మొదట ఏమీ లేదంది. ఊపిరి బిగబట్టమన్నాను. కళ్లు మూసుకుంది. చాలాసేపు కదల్లేదు. వాళ్ల విభాగంలో అందరికీ పట్టీలుంటాయి. ఆవిడ చేతి మీద అంకె 71 నుంచి 50కి, 50 నుంచి 28కి దిగింది.

కళ్లు తెరిచి, "ఏదో జారుతోందండీ లోపల," అంది.

"మీ పట్టీ చూసుకోండి."

చూసుకుంది. ఇంతకు ముందెప్పుడూ ఆ ముఖంలో నవ్వు లేకపోవడం చూడలేదు.

"నేను నిద్రపోలేదండీ."

"నాకు తెలుసు. దానికి చెప్పండి."

అక్కడి నుంచే తన విభాగానికి ఫోను చేసింది. శ్రద్ధగా వింటున్నప్పుడు అంకె పడిపోతోందని వివరంగా చెప్పింది. వినేటప్పుడు చేతులు ఊపమనండి అని జవాబొచ్చింది. చేతులూపితే వినపడదని చెప్పింది. అలాగైతే వింటూ మధ్యమధ్య మాట్లాడమనండి అన్నారు.

ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని నిలబడింది. "మా అమ్మా నేనూ ఉండేది మూడో వరసేనండీ. అరవయ్యో ఇల్లు. ఇప్పుడేం చేద్దాం?"

నాకు కోపం వస్తే అంకె పెరుగుతోందన్నాను. పలక ముందే నిలబడి పోట్లాడితే చాలు. తొమ్మిది నెలలుగా నాతో ఎవరూ పోట్లాడలేదని కూడా నోరు జారాను. ఆవిడ పుస్తకం తీసి, రేపు ఎనిమిదింటికి అని రాసుకుంది.

మిగిలిన రోజులు: 60

పోట్లాడటం ఝాన్సీకి చేతకాదు.

పుస్తకంలో విషయాలు రాసుకొచ్చింది. పప్పులో టమాటా ముందు వెయ్యాలా తర్వాతా అన్నది మొదటిది.

"టమాటా ముందెయ్యాలండీ," అంది గట్టిగా.

"వేస్తే పప్పు ఉడకదు."

"ఔనాండీ? నాకు తెలియదు. సారీ."

"సారీ చెబితే పోట్లాట ఎలా అవుతుందమ్మా?"

"సరే. మీకు వంటేం తెలుసు?" అని, వెంటనే, "తప్పుగా అనుకోకండి," అంది.

యాదగిరి గుమ్మంలో నిలబడి నవ్వలేక చస్తున్నాడు. "మేడం, అది లొల్లి గాదు. మా ఇంట్ల దీన్ని ముచ్చట పెట్టుడంటరు."

నా అంకె 52 దాటలేదు. సాయంత్రం పదమూడో గుర్తు దగ్గర రాయి చెమ్మగిల్లింది. వేలితో తడిమి చూశాను. ఇప్పుడు వినక్కర్లేదు. ఫోటో తీసి పంపాను. కొండలో చెమ్మ సహజం అన్నారు.

మిగిలిన రోజులు: 59

ఉదయం ఎనిమిది. నేనూ ఝాన్సీ పలక ముందు. నివేదిక రాసి సిద్ధంగా ఉంది. ఆవిడ పుస్తకం తేలేదు.

"మీ వాళ్లకు ఇంకోసారి చెప్పండి," అన్నాను.

"మూడుసార్లు చెప్పానండీ. ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?"

"వద్దులెండి."

"చెప్పండి."

"భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయనకి ఏవేవో వినిపిస్తున్నాయి, గోడలో ఆవిడ గొంతు వెతుక్కుంటున్నాడు, పాపం అన్నారు." ఆగి, నా ముఖంలోకి చూసింది. "మొదట్లో నేనూ అదే అనుకున్నాను."

తర్వాత నేనన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"హైమకు పోయే ముందు పదకొండు రోజులు మాట పడిపోయింది. ఆ పదకొండు రోజులూ మంచం పక్కన కూచుని ఆవిడ ఊపిరి విన్నాను. పక్కనే మిషను ఉంది, నర్సులున్నారు. ఊపిరి ఆగిందని అందరికంటే ముందు నాకు తెలిసింది. మిషను తర్వాత చెప్పింది. లేని శబ్దం ఉందని అనుకునేవాణ్ణయితే ఆ రోజే అనుకునేవాణ్ణి! నువ్వెవరు నాకు చెప్పడానికి? మీ ఆఫీసెవరు? ఎవర్రా పాపం?"

జీవితంలో ఒక ఆఫీసరును నువ్వు అనడం ఇదే మొదలు. ఝాన్సీ నా మణికట్టు పట్టుకుని పలక మీద అదిమింది. అంకె 78. పచ్చ దీపం వెలిగింది.

పలక మీది చెయ్యి తీశాను.

"కావాలనే అన్నావా?" అని అడిగాను.

"సగం," అంది. కళ్లు తుడుచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మిగిలిన రోజులు: 58

నిన్న మధ్యాహ్నానికి తొట్టి సగానికి దించారు. ఈ ఉదయం లోపలి పూత చెక్కారు. పగులు తొమ్మిదో గుర్తు దగ్గర మొదలై పద్నాలుగు దాకా ఉంది. మధ్యలో నా పిడికిలి పట్టింది. సోమయాజులు చాలాసేపు దానివంక చూసి, "ఇంకెన్నాళ్లు ఆగేదంటారు?" అన్నాడు. తెలియదన్నాను. వారమో, పది రోజులో.

మూడో వరసలో అందరూ కొలత నీళ్ల గురించి తిట్టుకుంటున్నారట. తిట్టుకోనీ.

మిగిలిన రోజులు: 42

కలిపిన పదిహేను రోజులూ తీసేశారు. ఎందుకంటే నేను 'శ్రద్ధ పునరుద్ధరణకు ఆదర్శం' అట.

సర్క్యులర్ వచ్చింది. రెండుసార్లు చదివాను. శ్రద్ధ పట్టీ వల్లనే ప్రమాదం సకాలంలో తెలిసింది కాబట్టి, ఇకపై నీటి విభాగంలో అందరికీ, వయసుతో పని లేకుండా, పట్టీ కట్టాలి. అంతేకాదు, నివేదికలకు కావలసిన కనీస అంకె అరవై నుంచి డెబ్భైకి పెంచారు.

యాదగిరి తన చేతికి కట్టిన పట్టీని తిప్పి తిప్పి చూసుకున్నాడు. చువ్వ తీసుకుని గోడ దగ్గరికి పోయి వచ్చాడు.

"ముప్పై ఒకటి సార్. నాకు పెండ్లాం బతికే ఉన్నది. డెబ్బై యాడికెల్లి తెచ్చుకోవాలె?"

ఆ మాట అన్నాక నాలుక కరుచుకున్నాడు. పరవాలేదన్నాను. తొమ్మిది నెలల్లో నాతో హైమ మాట మామూలుగా ఎత్తింది వీడొక్కడే.

మిగిలిన రోజులు: 30

సర్క్యులర్ మీద మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ జవాబు ఒకటే: 78 అంకెతో మీరు ఇచ్చిన నివేదికే ఈ విధానానికి ఆధారం.

నాకెందుకు? ఇంకో నెల. జల్లెడలు దులుపుకుంటూ, మూడు మంచి విషయాలు రాసుకుంటూ గడిపేయవచ్చు. పూత గట్టిగానే వేశారు. వచ్చే పగులు నా సర్వీసులో రాదు.

మిగిలిన రోజులు: 23

పై వాక్యం రాసి వారం రోజులు మళ్లీ ఈ పుస్తకం తెరవలేకపోయాను.

మిగిలిన రోజులు: 6

వెళ్లేవాళ్లు చివరి రోజు వీడ్కోలు పత్రం రాయాలి. ఎవరైనా నాలుగు వాక్యాలు రాస్తారు: సంతృప్తి, కృతజ్ఞత, సహోద్యోగులు, శుభాకాంక్షలు. దాన్ని ఊరి సభలో పైకి చదువుతారు. సభ మైకు అన్ని వరసల్లోనూ వినిపిస్తుంది. చదివినదాని మీద సభ చర్చించి తీరాలని నిబంధన ఉంది. విభాగాలు అడ్డుపడలేని కాయితం ఊరు మొత్తానికి ఇదొక్కటే.

అంటే, ఆ 78 ఎలా వచ్చిందో అందులో రాస్తే, హైమ ఊపిరి సంగతి మైకులో వినాలి. క్యాంటీన్‌లో మనిషీ వింటాడు. ఆసుపత్రిలో ఆవిడతో చేసినవాళ్లూ వింటారు. ఆ పదకొండు రోజుల గురించి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి అరిచాను, అంతే.

వేరే దారి ఉందేమోనని అయిదు రోజులు వెతుకుతాను.

మిగిలిన రోజులు: 0

దారి లేదు.

ఉదయం ఏడింటికి తొట్టి గది ముందు వరండాలో కూచుని రాశాను. ఇక్కడ గోడకు ఈ మధ్యనే చిన్న పలక బిగించారు. పత్రం మొత్తం ఇదీ:

'నా నివేదికకు వచ్చిన 78 తొట్టిది కాదు. నా భార్య హైమవతి మరణం గురించి ఒక మాట విని నేను కోపంతో అరిచినప్పుడు వచ్చినది. ఆవిడ చివరి పదకొండు రోజులు నేను పక్కన కూచుని ఊపిరి విన్నాను. ఆ పదకొండు రోజులూ నాకు పట్టీ కట్టి ఉంటే నిద్రపోయానని రాసుకునేది. తొట్టి గోడ విన్నప్పుడూ అలాగే రాసుకుంది. పగులు దొరికింది ఆ ఇరవై రెండు అంకెలోనే. వినేవాళ్లకు పట్టీ తీసెయ్యాలి. లేకపోతే వచ్చే పగులు గురించి చెప్పేవాడు ముందు ఎవరినైనా పోగొట్టుకుని ఉండాలి.'

చెయ్యి పలక మీద పెట్టాను. అంకె 29. ఎర్ర దీపం. వీడ్కోలు పత్రానికి కూడా డెబ్భై కావాలట. నవ్వొచ్చింది. నవ్వుకి ముప్పై నాలుగు అయింది.

ఎనిమిదింటికి ఝాన్సీ వచ్చింది, ఆఖరి పాఠం చెప్పడానికి. పత్రం ఇచ్చాను. నిలబడే చదివింది. రెండోసారి చదువుతూ మెట్టు మీద కూచుంది.

"ఇది మైకులో చదువుతారండీ."

"తెలుసు."

"అందరూ వింటారు."

"వినాలనే."

"ఆ రోజు నేనన్న మాట... ఎవరన్నారో రాయలేదు మీరు."

"అవసరం లేదు."

"ఎందుకు లేదండీ? నా పేరు రాయాలి. మా విభాగం పేరు రాయాలి. మీ ఒక్కరి సంగతే ఊరందరి ముందూ పెట్టి, మమ్మల్ని దాస్తే ఏం న్యాయం?" గొంతు పెరిగింది. చెయ్యి ఊపుతోంది. "ఎప్పుడూ ఇంతేనా మీరు? అన్నీ మీలోనే పెట్టుకుంటారా? ఆవిడ ఎలా వేగిందండీ మీతో?"

"పోట్లాడి," అన్నాను.

నా జేబులో కలం లాక్కుని, కాయితం అడుగున తన పేరు, హోదా, తానన్న మాట మొత్తం రాసింది. సాక్షి అని రాసి పలక మీద చెయ్యి కొట్టినంత పనిచేసింది. ఆవిడ అంకె 83. పచ్చ దీపం వెలిగింది. ఈ పత్రానికి సాక్షి అంకె దాటినా చాలట; సభకు వెళ్లిపోయింది.

"నీ ఉద్యోగం?" అన్నాను.

"చూద్దాం లెండి," అని ఇంకా ఏదో అనబోయింది.

లోపల నుంచి యాదగిరి చెయ్యి ఎత్తాడు. చెవికి చువ్వ ఆనించి, కళ్లు మూసుకుని, కొత్త పూత వింటున్నాడు.

మేం మాటలు ఆపాం.